చిమ్మిలి ముట్టని పిల్ల

"నోరు తెరువమ్మా, నా బంగారం కదూ," అని వదిన బతిమాలుతోంది.

భవిత తెరవలేదు. పెదాలు బిగబట్టి, చూపంతా చాప అంచు మీద పెట్టి కూర్చుంది. నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి ముద్ద వదిన వేళ్ళ మధ్య నలిగి నూనె ఓడుతోంది. పెద్దమనిషైన పిల్ల మొట్టమొదట తినాల్సింది అదే. పక్కిళ్ళ పిల్లలు మూల కూర్చున్నప్పుడల్లా వెళ్ళి, అడిగి మరీ చేతిలో పెట్టించుకుని తిన్న పిల్ల, తన వంతు వచ్చేసరికి దవడలు బిగించేసింది.

"సిగ్గేమోలే, కాసేపు వదిలెయ్యండి," అంది గోడకి ఆనుకుని కూర్చున్న ఒకావిడ.

"పద్నాలుగేళ్ళొచ్చినా ఇంకా కాలేదని వీళ్ళ నాయనమ్మ మొక్కని దేవుడు లేడు. ఇన్నాళ్ళకి అయితే సిగ్గేంటి? ఆ సూది పొడిపించుకొచ్చినప్పట్నుంచీ పిల్ల తేడాగానే ఉంది," అంది పక్కనున్నావిడ. గొంతు తగ్గించే అంది గానీ, అలా తగ్గించిన గొంతులే గదిలో అందరికీ వినబడతాయి.

అందరూ తలలు తిప్పి గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో భార్గవి నిలబడి ఉంది, పిల్ల తల్లి.

ఆమె ఇంకా రొయ్యల షెడ్డు నుంచి వచ్చిన చీరలోనే ఉంది. వదిన, అన్న ఏడుకొండలు భార్య, ఫోను చేస్తే పని సగంలో వదిలేసి, చేతులు సరిగా కడుక్కోకుండానే ఆటో ఎక్కి పాలెం చేరింది. చేరేసరికి అంతా అయిపోయింది. వదిన చేట కోసం వచ్చిందట. పెరట్లో స్నానాల దడి వెనక బకెట్లో నెత్తుటి గుడ్డ నానుతుండడం చూసిందట. ఎవరిదని అడిగితే భార్గవి అత్తగారు అంకమ్మే చెప్పిందట, మనవరాలు పెద్దమనిషైందని. ఇక వేరే కబురెందుకు? నలుగురు ముత్తైదువలు వచ్చి పిల్లని మూల కూర్చోబెట్టారు.

"ఎవరిదని అడగడమే నా పిచ్చి," అంటోంది వదిన, చిమ్మిలి ముద్ద పళ్ళెంలో పెట్టేస్తూ. "భార్గవికి ఎప్పుడో బందర్లో గర్భసంచి తీసేశారు. ముసలావిడకి ఆగిపోయి ఎన్నేళ్ళయిందో. ఇంక ఈ ఇంట్లో నెత్తురంటే ఈ పిల్లదే కదా. కానీ ఎంత నెత్తురో, బకెట్టు బకెట్టంతా ఎర్రగా ఉంది. నాకు కళ్ళు తిరిగాయి."

భార్గవికి ఆ చివరి మాట గుండెలో దిగింది. ఏమన్నా అంటే ఏడుపు వచ్చేలా ఉంది, వాళ్ళ ముందు ఏడవడం ఆమెకి ఇష్టం లేదు.

కోడూరు ఆసుపత్రిలో నర్సమ్మ ఆ టీకా పేరు నిదానంగా, పూర్తిగా చెప్పింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా. అంత పొడుగు పేరు పాలెం దాకా చెక్కుచెదరకుండా రావాలంటే అయ్యే పనా? బస్సులో కొంత జారిపోయింది, రేవులో కొంత జారిపోయింది, ఇళ్ళలోకి వచ్చేసరికి తలా తోకా తెగిపోయి 'గర్భం సూది' అని నడిమి ముక్క ఒక్కటి మిగిలింది. దానికి ఎవరో ఒక గొంతు తగిలించి ఫోన్లలోకి వదిలారు. అది పొడిపించుకున్న పిల్లలకి ఇక కడుపు పండదని, లోపల తెగి నెత్తురు ఆగదని ఆ గొంతు ఏడుస్తూ చెబుతుంది. ఎవరి గొంతో ఎవరికీ తెలియదు. కానీ పాలెంలో అది లేని ఫోను లేదు.

భార్గవి ఆ గొంతు విని నవ్వింది. నవ్వే వెళ్ళి కూతురికి వేయించుకొచ్చింది. ఇప్పుడు ఆ గొంతే ఆమె చెవుల్లో తిరుగుతోంది. సూది పడి వారం కూడా తిరగలేదు, నెత్తురంటున్నారు, మామూలు నెత్తురు కాదంటున్నారు. నేనే నా బిడ్డని పాడు చేసుకున్నానా అనుకుంది.

ఈ సందట్లో అంకమ్మ జాడ లేదు. మొగుడు పోయిన మనిషి కాబట్టి ఇలాంటి శుభాలప్పుడు ముందుకి రాదు, ఆ మాట నిజమే. కానీ వెనక గదిలో కూర్చునైనా పసుపు తక్కువైందనీ, చాప ఆ మూలకి వెయ్యమనీ పెత్తనం చేయకపోతే ఆమెకి తోచదు. భవిత చెయ్యి వాచి సూది సంగతి బయటపడిన రోజున వీధి చివరి దాకా వినబడేలా శాపనార్థాలు పెట్టిన నోరు అది. ఇవాళ 'నేను చెప్పలా?' అని కూడా అనలేదు. పెరట్లో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు తిరగేసుకుంటూ కూర్చుందట.

అంత కోపం వచ్చి ఉంటుందనుకుంది భార్గవి. అత్త తిట్టకపోవడం ఆమెను మరింత భయపెట్టింది.

"చెల్లీ," అని బయటి నుంచి పిలుపు వచ్చింది.

*

ఏడుకొండలు పచ్చి తాటాకులు మోపుగా కట్టి భుజాన వేసుకొచ్చాడు. మేనకోడలు పెద్దమనిషైతే ఆకులు తెచ్చి చాప అల్లించాల్సింది మేనమామే. మామూలుగా అయితే ఆ మోపు దించేటప్పుడు మేనమామ ముఖం వెలిగిపోతూ ఉండాలి, ఆడవాళ్ళు అతన్ని ఆటపట్టించాలి. అతను మోపు దించి, దాని పక్కనే నిలబడి, చెల్లెలి ముఖంలోకి చూడకుండా చేతులు దులుపుకున్నాడు.

"ఆకులు అక్కడ పెట్టు అన్నయ్యా. కాఫీ తెస్తాను."

"కాఫీ వద్దుగానీ, ఇట్రా."

ఆమె మెట్టు దిగి వచ్చింది. ఆడవాళ్ళు కిటికీ దగ్గరికి చేరారని ఇద్దరికీ తెలుసు.

"ఎవర్నడిగి వేయించావ్?" అన్నాడు.

"నా కూతురికి నేను వేయించాను. ఎవర్నడగాలి?"

"మేనమామని నేనున్నాను. పైగా పాలెం పెద్దల్లో కూర్చుంటున్నాను. బావ ఉన్నాడు. కనీసం బావతోనైనా ఒక మాట చెప్పావా?"

"గిలకలదిండిలో బోటెక్కే ముందే చెప్పాను."

"ఏమన్నాడు?"

"నీ ఇష్టమన్నాడు."

"నీ ఇష్టమంటే వద్దని. బావ సంగతి నీకంటే నాకు బాగా తెలుసు."

భార్గవికి నవ్వు రావాల్సిన మాట అది. రాలేదు. సముద్రం మీదున్న మనిషికి పొద్దుట్నుంచీ ఫోను కలపాలని చూస్తూనే ఉంది, కలవడం లేదు. కలిసినా ఏం చెప్పాలో ఆమెకి తెలియదు.

"ఎల్లుండి స్కూలుకి వస్తారంట ఆ నర్సులు," అన్నాడు ఏడుకొండలు. "మా ఇద్దరమ్మాయిల పేర్లూ ఇచ్చాను. నువ్వు చెబితేనే ఇచ్చాను. ఇప్పుడు మీ వదిన నన్ను ఇంట్లోకి రానివ్వడం లేదు. పాలెంలో ఎవరిని కదిపినా ఇదే మాట. సాయంత్రం పెద్దలు కూర్చుంటున్నారు, కట్టు పెడతారు."

కట్టు అన్న మాటకి భార్గవి తలెత్తింది. పాలెం పెద్దలు కూర్చుని ఒకటి అనుకున్నారంటే అది అందరికీ కట్టు. దాటినవాళ్ళ పడవ ఇసుకలో దిగబడితే తొయ్యడానికి ఒక్క చెయ్యీ రాదు. వాళ్ళింట్లో పెళ్ళైనా చావైనా గడప తొక్కే మనిషి ఉండడు. స్కూల్లో నర్సులు ఎన్ని పెట్టెలు తెచ్చుకున్నా, కట్టు పడిందంటే ఈ పాలెం నుంచి ఒక్క పిల్లా చెయ్యి చాపదు.

"నువ్వు కూడా వాళ్ళతో పాటు కట్టు పెడతావా?" అంది.

"నన్నేం చెయ్యమంటావ్? నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. సూది పడ్డాకే అయిందా, కాదా? ఉన్నమాటే చెప్పమంటున్నాను."

"పద్నాలుగేళ్ళ పిల్ల పెద్దమనిషి కాదా? సూది పడకపోతే అవ్వదా?"

"నన్నడక్కు. నేను చదువుకున్నవాణ్ణి కాదు."

"చదువు మాట కాదు. అమ్మ మాట చెప్పు. అమ్మని పెరటి పాకలో పడుకోబెట్టినప్పుడు నేను ఆ పాకలోకి రోజూ వెళ్ళాను. నువ్వు తువ్వాలు ముక్కుకి కట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడివి. ఆ వాసన నీకు గుర్తు లేదా? గాలి సోకిందన్నారు, చేతబడన్నారు. చివరికి బందరు పెద్దాసుపత్రిలో ఆ జబ్బు పేరు చెప్పారు. దానికి అడ్డం వేసే సూది ఉందని తెలిశాక నా కూతురికి వేయించకుండా ఎలా ఉంటాను?"

ఏడుకొండలు తాటాకు మోపు కట్టిన తాడు ముడి విప్పి, మళ్ళీ వేశాడు.

"అంత గొప్ప సూదైతే అమ్మకే వేయించి ఉంటే బతికేది కదా," అన్నాడు చివరికి. అన్నాక ఆ మాట తనకే నచ్చనట్టు ముఖం పెట్టాడు.

"అప్పుడు మనకెవరు చెప్పారు? ఉన్నా లాభం లేదు. జబ్బు రాకముందు వెయ్యాలి, అదీ చిన్నపిల్లలకి. లోపల పుట్టాక ఆ సూదితో పని లేదని నర్సమ్మ ఖచ్చితంగా చెప్పింది. నేనడిగానులే, నాకు వెయ్యమని."

కిటికీలో గాజులు గలగలమని, వెంటనే ఆగాయి.

ఏడుకొండలు ఇంకా దగ్గరికి వచ్చి గొంతు బాగా తగ్గించాడు. "కట్టు సంగతి తర్వాత. నాకు భయంగా ఉందే చెల్లీ. నేనడగకూడదు గానీ, అంత నెత్తురంట కదా. మీ వదిన చెప్తుంటే వినలేకపోయాను. మొదటిసారే ఎవరికైనా అంత పోతుందా? పిల్ల తట్టుకుంటుందా? కారు మాట్లాడమంటావా, అవనిగడ్డ తీసుకెళ్దాం."

భార్గవి జవాబు చెప్పబోయి ఆగింది. ఎంత పోతోందో ఆమెకి తెలియదు. వచ్చిన దగ్గర్నుంచీ భయపడడమే సరిపోయింది, బిడ్డని దగ్గరికెళ్ళి చూడనే లేదు. ముట్టుకోకూడదని వదిన అడ్డం కూర్చుంటే గుమ్మంలోనే ఉండిపోయింది.

"ఆగు, చూసొస్తాను," అని గబగబా లోపలికి వెళ్ళింది.

*

"పిల్లకి గుడ్డ మార్చాలి. కాస్త మీరంతా వసారాలో కూర్చోండి వదినా."

"నేనుంటాలే, నీకేం తెలుసు?"

"నా బిడ్డ వదినా."

వదిన ముఖం ముడుచుకుని లేచింది. అందరూ బయటికి వెళ్ళాక భార్గవి తలుపు దగ్గరికి వేసి, మైల సంగతి మర్చిపోయి, వెళ్ళి కూతురి పక్కన చాప మీద కూలబడింది.

"నొప్పిగా ఉందా నాన్నా? బాగా పోతోందా? అమ్మకి చెప్పు. కళ్ళు తిరుగుతున్నాయా?"

భవిత తలెత్తి తల్లిని చూసింది. పొద్దుట్నుంచీ ఆపుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. ముఖం తల్లి భుజంలో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. భార్గవి కూతురి వీపు నిమురుతూ, దేవుడా దీన్ని కాపాడు, ఇంకేం అడగను అనుకుంటోంది.

"నాకేం కాలేదమ్మా," అంది భవిత.

"కాదులే, ఏం కాదు. అవనిగడ్డ వెళ్దాం, మావయ్య కారు తెస్తాడు."

"అది కాదమ్మా. నాకేం కాలేదు. నేను అవ్వలేదు."

భార్గవి చేతులు ఆగిపోయాయి.

"ఏం మాట్లాడుతున్నావే?"

"నిజంగా అమ్మా. కావాలంటే చూడు. అందరికీ చెప్పాను. అత్తయ్య నవ్వి, సిగ్గుపడకే అంది. చిమ్మిలి తిను, తిను అంటున్నారు. అవ్వకుండా చాప మీద కూర్చుని చిమ్మిలి తింటే ఇంకెప్పటికీ అవ్వనని మా క్లాసులో అంటారు. అందుకే నోరు తెరవలేదు."

భార్గవి చూసింది. పిల్ల చెప్పింది నిజమే. ఒక్క చుక్క లేదు.

ఆమెకి మొదట వచ్చింది సంతోషమే. పిల్లకి ఏమీ కాలేదు. సూది ఏమీ చెయ్యలేదు. తను తన బిడ్డని పాడు చెయ్యలేదు. ఆమె కూతురి తలని రెండు చేతుల్తో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. బయటికెళ్ళి అందరికీ వినబడేలా చెప్పాలనుకుంది. అన్నయ్యకి చెప్పాలి, పెద్దలకి చెప్పాలి, ఎల్లుండి నర్సులు వచ్చేలోపు ఇంటింటికీ చెప్పాలి.

"మరి నాయనమ్మ ఎందుకలా చెప్పిందే? పొరపాటు పడిందా?"

భవిత చాప పీచులు పీకింది.

"చెప్పవే."

"పొరపాటు కాదు. అత్తయ్య వెనక్కి వెళ్ళగానే నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎవరడిగినా అవునను తల్లీ అంది. ఎందుకంటే చెప్పలేదు. నేను అననంటే..." పిల్ల గొంతు చిన్నదైపోయింది. "నాకు దణ్ణం పెట్టిందమ్మా. రెండు చేతులూ ఎత్తి. నాయనమ్మ నాకు దణ్ణం పెట్టడమేంటి? నాకు భయమేసి కూర్చున్నాను."

భార్గవి లేచి నిలబడింది. సంతోషం వచ్చిన దారినే పోయింది. పిల్లది కాదు. తనకి సంచి లేదు. ఇంట్లో ఇంకొక్క ఆడమనిషే ఉంది.

"నేను వచ్చేదాకా ఎవరేం పెట్టినా తినకు," అని చెప్పి పెరటి తలుపు తీసింది.

*

స్నానాల దడి వెనక బకెట్టు లేదు. నీళ్ళు పారబోసిన చోట ఇసుక తడిగా ఉంది. ఒక గుడ్డ మాత్రం దడి కర్రల సందులో కుక్కి ఉంది. కంటబడకుండా దాచాలని చూసి, కంగారులో సగం బయటికి వదిలేశారు. భార్గవి అది లాగి చూసింది. అత్త కట్టుకుని చివికిపోయిన చీర ముక్క అది, ఆ గళ్ళు ఆమెకి బాగా తెలుసు. ఉతికినా మరక పోలేదు.

ముక్కు దగ్గరికి తీసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఎండకి వేడెక్కిన గుడ్డ నుంచి ఆ వాసన దానంతటదే వచ్చింది. పెరటి పాకలో అమ్మ పడుకున్న నాటి వాసన. ఇన్నేళ్ళు గడిచినా ఆ వాసన గుర్తుపట్టడానికి ఆమెకి క్షణం పట్టలేదు. దడి పట్టుకుని నిలదొక్కుకుంది.

అంకమ్మ పెరటి చివర వలగుడ్డ పరిచి నెత్తళ్ళు ఎండబెట్టిన చోట గొంతుకూర్చుని ఉంది. కోడలు రావడం చూసింది, ఆమె చేతిలో ఏముందో కూడా చూసింది. తలొంచుకుని ఒక్కో చేపనీ తిరగేస్తూనే ఉంది. అప్పటికే తిరగేసినవి మళ్ళీ తిరగేస్తోంది.

"ఎప్పట్నుంచి అత్తా?"

అంకమ్మ ఇంకో చేప తిరగేసింది.

"నిన్నే అడుగుతున్నాను. ఎప్పట్నుంచి అవుతోంది?"

"గట్టిగా మాట్లాడకే. వాళ్ళు వసారాలోనే ఉన్నారు."

"ఎప్పట్నుంచి?"

"మొన్నటి తుఫానుకి ముందు నుంచి. అప్పుడు కొంచెంగా కనబడేది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగాను. ఇప్పుడు రోజూ." ఆమె ఒక కాకిని అదిలించింది. "నడుం పీకేస్తోంది. రాత్రిళ్ళు పడుకోలేకపోతున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను?" అంకమ్మ అప్పుడు తలెత్తింది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ఆ కళ్ళని తను ఎలా చూడలేదో భార్గవికి అర్థం కాలేదు. "మొగుడు పోయి పదేళ్ళు దాటినదానికి నెత్తురు కనబడితే పాలెంలో ఏమంటారో నీకు తెలీదా? ఎవడితో తిరిగింది, ఎక్కడ కడుపు తీయించుకుందంటారు. నీ మొగుడు రేవులో తలెత్తుకుని తిరగగలడా?"

"అందుకని పిల్లని చాప మీద కూర్చోబెడతావా? నీ మనవరాలు కదా అది."

"మీ వదిన బకెట్టు దగ్గర నిలబడి ఎవరిదీ అంటే నా నోటికి అదే వచ్చింది. ఇవాళ కాకపోతే రేపైనా అవ్వాల్సిన పిల్లే కదా, నాలుగు రోజులు చాప మీద కూర్చుంటే పోయేదేముంది అనుకున్నాను. ఆ సూదికి ముడిపెడతారనుకోలేదే. ఒట్టు. అది పుట్టినప్పుడు నా చేతుల్లోనే పడింది, దానికి చెడు జరగాలని చూస్తానా?"

"మరి ముడిపెట్టాక? లోపల వాళ్ళంతా నా బిడ్డ పాడైపోయిందంటుంటే నువ్విక్కడ కూర్చుని వింటున్నావు. నేను చచ్చిపోతున్నాను అత్తా. నువ్వొక్క మాట అంటే అయిపోయేది."

"నోరు రాలేదే," అంది అంకమ్మ.

భార్గవికి ఆమెను పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. ఊపెయ్యాలని వంగిన మనిషి, దగ్గరికెళ్ళేసరికి ఆ మెడ ఎముకలు చూసి ఆగిపోయింది. చీర మడతల్లో మనిషి సగమైంది. ఇన్నాళ్ళూ రోజుకొక దెబ్బలాట పెట్టుకుంటూ ఉంటే బాగానే ఉందనుకుంది. తల్లి రోగం వాసనతో సహా గుర్తు పెట్టుకున్న తను, పక్కగదిలో మనిషిని మాత్రం చూడలేదు. భయం మళ్ళీ వచ్చింది. ఇది పొద్దుటి భయం కాదు. పొద్దుటి భయంలో ఏమో అన్న సందేహం ఉండేది, ఇందులో అది కూడా లేదు.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాం," అంది.

"ఎవరికీ చెప్పకు."

"చెప్పకుండా ఎలా? సాయంత్రం పెద్దలు కూర్చుంటున్నారు. ఆ నెత్తురు పిల్లది కాదని చెప్పకపోతే కట్టు పడుతుంది. పాలెంలో ఇంకే పిల్లకీ టీకా పడదు. అన్నయ్య కూతుళ్ళకి కూడా."

"కాదంటే మరి ఎవరిదని అడగరా?"

అడుగుతారు. వదిన ఇందాకే గదిలో అందరి ముందూ లెక్క తేల్చేసింది. పిల్లది కాదనగానే అందరి కళ్ళూ ఈ పెరటి వైపే తిరుగుతాయి. ఇద్దరికీ అది తెలుసు. నెత్తళ్ళ మీద ఈగలు ముసురుతున్నా అంకమ్మ తోలలేదు.

"చెల్లీ," అని ముంగిట్లోంచి ఏడుకొండలు కేకేశాడు. "ఏమైందే? పిల్లకెలా ఉంది? పెద్దలప్పుడే కూర్చున్నారంట, మనిషిని పంపారు. నువ్వొచ్చి ఆ ఒక్క మాటా చెబితే అయిపోతుంది."

"వస్తున్నా," అని గట్టిగా అనబోయింది భార్గవి. చేతిలోని గుడ్డ కనబడి ఆగిపోయింది.

అంకమ్మ మోకాళ్ళ మీద చేతులూని మెల్లగా లేచింది. లేవడానికి ఎంత కష్టపడిందో భార్గవి మొదటిసారి గమనించి చూసింది. ముసలావిడ అటూ ఇటూ చూసి, కోడలికి బాగా దగ్గరగా వచ్చింది.

"వెళ్ళి చెప్తావో మానతావో నీ ఇష్టం. చెప్తే నేనడ్డం రాను. కానీ నాకొక్కటి చెప్పు," అంది. నలిగిన రవిక చెయ్యిని మోచేతి మీదికి, ఇంకా పైకి తోసుకుంది. వడలిన జబ్బ కోడలి ముందుకి చాపింది. "రేపు నాకూ ఆ సూది వేయించు. ఏమీ అనను, చిన్నపిల్లలా కదలకుండా కూర్చుంటాను. ఇది తగ్గిపోద్ది కదా దాంతో?"

భార్గవి ఆ చేతిని చూస్తూ నిలబడింది. ముంగిట్లోంచి అన్నయ్య మళ్ళీ పిలుస్తున్నాడు.

"మాట్లాడవేమే?" అంది అంకమ్మ. ఆమె గొంతులో భార్గవి ఏనాడూ వినని భయం ఉంది. "ఇన్నాళ్ళూ దాన్ని తిట్టానని, నాకు వెయ్యనంటారా?"